కింది సిలిండర్లో నీళ్ళు

సారపాకలో దాసు మేస్త్రి ముందు అనకూడని మాట ఒకటి ఉండేది. "స్టార్టయింది కదా!" అన్నామా, ఇక అయిపోయినట్టే. మనిషి మహా శాంతుడు. టీ చల్లారిపోయినా, చెప్పిన టైముకు ఎవరూ రాకపోయినా పల్లెత్తు మాట అనేవాడు కాదు. కానీ బాగుచేయమని తెచ్చిన ఇంజను రెండు నిమిషాలు మోగగానే ఎగిరి గంతులేసే జనాన్ని చూస్తే మాత్రం ఒళ్ళు మండేది. "స్టార్టయితే ఏంది? జొరమొచ్చినోడు గూడ లేసి కూసుంటడు" అని పానా కింద పెట్టి, చేతులు తుడుచుకుని, బల్ల మీద కూర్చుండిపోయేవాడు. తొందరగా ఉన్నవాళ్ళకు ఇంతకంటే పెద్ద శిక్ష ఉండదు.

అసలు పేరు క్రీస్తుదాసు. మధిర దగ్గర ఒక రైసుమిల్లులో ఆయిలింజన్ల పక్కన నూనెగుడ్డలు ఉతుకుతూ పని నేర్చాడు. ఇరవై రెండేళ్ళప్పుడు పంపుల పనికని సారపాక వచ్చి, కొన్నాళ్ళకు రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. జామాయిల్ చెట్లు కొట్టేవాళ్ళ కోత రంపాలు, పత్తికి మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు, అన్నీ ఆయన చేతికే వచ్చేవి. పెట్రోల్లోనే ఆయిలు కలుపుకుని తాగే ఈ టూ స్ట్రోక్ ఇంజన్లంటే ఆయనకు ప్రత్యేకమైన ప్రేమ. విప్పిన ప్రతి బోల్టునూ విప్పిన వరసలోనే తెల్ల తువ్వాలు మీద పేర్చేవాడు. ఆ వరసకు ఎవరి కాలైనా తగిలిందంటే వాళ్ళ ముఖం వారం రోజులు చూసేవాడు కాదు.

ఇవేవీ తబితాకు తెలియవు. ఖమ్మంలో ఖానాపురం హవేలిలో పుట్టి పెరిగిన పిల్ల, ఏఎన్ఎంగా ఈ వైపు వచ్చి ఎనిమిది నెలలే అయింది. రోజూ ఆ షెడ్డు ముందు నుంచే స్కూటీ మీద వెళ్ళేది గానీ, లోపల ఒక ముసలాయన ఉంటాడని తప్ప ఇంకేమీ ఎరగదు. రెండు వేల ఆరు ఆగస్టులో గోదావరి ఒళ్ళు విరుచుకుని ఊళ్ళ మీద పడ్డప్పుడు, ఒక ఉదయం ఆమె మందుల సంచి భుజాన వేసుకుని ఆ షెడ్డులో నిలబడవలసి వచ్చింది.

వరద డ్యూటీకి ఆ ఒడ్డున మిగిలిన ఇంజను పడవ ఒక్కటే. దాన్ని నడిపేవాడు దూలయ్య. తెల్లవారుజామున మిట్ట మీద చిక్కుకున్న ఒక తండాకు బియ్యం దించడానికి వెళ్తే, అక్కడి సోమ్లా పడవలోకి దూకి అతని కాళ్ళు పట్టుకున్నాడు. భార్య సక్రికి రాత్రి నుంచి నొప్పులు. నర్సమ్మ పక్కన లేకుండా ఆమెను పడవెక్కనివ్వమని ఇంట్లో పెద్దాళ్ళు పట్టుబట్టారు. సరే, నర్సమ్మను తీసుకుపోదామని ఇద్దరూ బయలుదేరారు. ఒడ్డు కనబడే దూరంలో, గెడ అందే లోతులో ఇంజను పొగలు కక్కి ఆగిపోయింది. వెదురు గెడలతో తంటాలు పడి, ఎలాగో సారపాక ఒడ్డుకు చేరారు.

సక్రి సంగతి తబితాకు బాగా తెలుసు. పది రోజుల కిందట తనే పొట్ట తడిమి చూసింది. బిడ్డ అడ్డంగా ఉంది. ముందే దవాఖానాలో చేరమని చిలక్కి చెప్పినట్టు చెప్పి వచ్చింది. అడ్డంగా ఉన్న బిడ్డ ఇంట్లో పుట్టదు. పెద్ద దవాఖానాకు చేర్చి ఆపరేషన్ చేయించకపోతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. ఫోన్లు పనిచేయడం లేదు. పడవకు ఇంజను లేకపోతే ఆ ప్రవాహానికి ఎదురీదగల మొగవాడు లేడు.

ఇద్దరు మనుషులు ఇంజనును వెదురు బొంగుకు కట్టి మోసుకొచ్చి షెడ్డులో స్టాండుకు బిగించారు. దాసు మేస్త్రి దాన్ని ముట్టుకోలేదు. దూలయ్యను బల్ల మీద కూర్చోబెట్టాడు.

"పొద్దుగాల నుంచి చెప్పు దూలయ్యా. ఒక్కటి గూడ ఇడువకు."

"ఏమున్నది మేస్త్రీ! మంచిగనే నడిచింది. నడుసుకుంట నడుసుకుంట ఆగింది."

"ఎనక సన్నటి నీళ్ళధార పడుతది సూడు, గది ఎప్పుడు బందైంది?"

"ఏం ధార?"

"ఇంజను ఉచ్చ పోసుకునే ధారయ్యా! రోగం వస్తే మనిషికి ముందుగాల బందయ్యేది గదే. అడుగు, గీ నర్సమ్మనే అడుగు."

అంత కంగారులోనూ తబితాకు నవ్వు వచ్చింది. మాట నిజమే. ఆ ఇంజను నీళ్ళలో మునిగి ఉండే తన కాలితోనే నీళ్ళు పీల్చుకుని, వేడెక్కిన ఒళ్ళంతా తిప్పి, వెనక చిన్న బెజ్జంలోంచి వదిలేస్తుంది. ఆ ధార పడుతున్నంతసేపూ దాని ప్రాణానికి ఢోకా లేదు. మేస్త్రి వంగి కాలి దగ్గర జాలీలో వేలు పెట్టాడు. గడ్డీ, ఒక పాలిథిన్ కవరూ ఉండచుట్టుకుని బయటికొచ్చాయి. దానికి నీళ్ళు అందక ఎంతసేపయిందో ఎవరికీ తెలియదు.

తర్వాత ప్లగ్గులు రెండూ విప్పి, తువ్వాలు మీద పక్కపక్కన పెట్టాడు. పై సిలిండరుది కాఫీపొడి రంగులో నూనెజిడ్డుతో ఉంది. కిందిది తోమిన గిన్నెలా తెల్లగా మెరుస్తూ ఉంది. దాని కొసన రెండు నీటిబొట్లు.

"గింత శుభ్రంగ ఉందేంది కాకా?" అంది తబితా.

"శుభ్రంగ ఉంటెనే రోగం బిడ్డా. మంట మండే జాగల మసి ఉండాలె. మసి లేదంటే నీళ్ళు పోయి ఆవిరై కడిగేసినయన్నట్టు."

తాడు చుట్టి ఒక్క లాగు లాగాడు. కింది బెజ్జంలోంచి పిచికారీ కొట్టినట్టు నీళ్ళు ఎగిరి తబితా చెయ్యంతా తడిపాయి. సోమ్లా తన భాషలో ఏదో గొణుక్కుంటూ గుమ్మంలోకీ బయటికీ తిరుగుతున్నాడు. అతని కళ్ళు ఇంజను మీద లేవు, నీళ్ళ అవతల ఉన్నాయి.

మేస్త్రి మళ్ళీ దూలయ్య పక్కకు వచ్చి కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "మన పొలంల ఆయిలింజను ఏడెక్కితే ఏం జేస్తం? పైన తొట్టిల బిందెడు నీళ్ళు పోస్తం. నేనైనా గట్లనే జేద్దును."

దూలయ్య ముఖం ఎర్రబడింది. "అవ్ మేస్త్రీ. మూత పీకి రెండు డబ్బాల నీళ్ళు గుమ్మరించిన. బుస్సుమన్నది. తర్వాత ఎంత లాగినా పలకలే."

ఆయిలింజనుకు నెత్తి మీదే తొట్టి ఉంటుంది, నీళ్ళు పోయడానికే ఉంటుంది. ఇరవై ఏళ్ళు వరిమళ్ళ గట్ల మీద అదే పని చేసిన చేయి, పడవ ఇంజను మీదా అదే చేసింది. తప్పే, కానీ ఆ తప్పు చేయడానికి కూడా ఇరవై ఏళ్ళ అనుభవం కావాలి. మేస్త్రి అతన్ని ఒక్క మాట అనలేదు. నిజం రాబట్టడానికి తిట్టకుండా ఉండటం ఎంత అవసరమో తబితాకు తెలుసు. నాటు మందు మింగిన సంగతి దాచే ఆడవాళ్ళను ఆమె రోజూ చూస్తూనే ఉంది.

సంగతి తేలిపోయిందని అందరూ తేలికపడ్డారు. పైనుంచి పోసిన నీళ్ళు కార్బొరేటర్ దారిన లోపలికి పోయాయి, ఆరబెడితే సరి. మేస్త్రి కార్బొరేటర్ విప్పి నీళ్ళు ఒంపాడు, ఆయిలు కలిపిన పెట్రోలు పోసి లోపలంతా కడిగాడు, ప్లగ్గులు ఆరబెట్టి బిగించాడు. ఇంజను కాలిని నీళ్ళ డ్రమ్ములో ముంచి తాడు లాగాడు. మూడో లాగుకు అది గొంతు సవరించుకుని ఝుమ్మని అందుకుంది. వెనక సన్నటి ధార కూడా పడింది.

"స్టార్టయింది గద!" అంటూ దూలయ్య చప్పట్లు కొట్టాడు. సోమ్లా అప్పుడే వెదురు బొంగు అందుకున్నాడు. తబితా సంచి భుజానికి ఎత్తుకుని, "ఇగ పోదాం కాకా" అంది.

మేస్త్రి ఇంజను ఆపేశాడు.

సోమ్లా ఉగ్రుడైపోయాడు. "అక్కడ నా పెండ్లాం సస్తున్నది. నీకు ఆటగున్నదా?"

మేస్త్రి అటకమీది డబ్బాలోంచి ఒక వింత వస్తువు తీశాడు. అది ఒక పాత ప్లగ్గు. పింగాణీ పగలగొట్టి తీసేసి, ఆ చోట సైకిల్ ట్యూబు వాల్వు అతికించాడు ఎప్పుడో. దాన్ని కింది సిలిండరుకు బిగించి, లోపలి పిస్టన్ పైకంటా వచ్చేట్టు చక్రం తిప్పి, కదలకుండా కట్టాడు. విశ్రాంతమ్మను పిలిచి సబ్బు నురగ తెమ్మన్నాడు. ఆమె ఆయన భార్య. బట్టలు ఉతికే చోటి నుంచి దోసెడు నురగ తెచ్చి ఇచ్చింది. ధార పడే బెజ్జానికి ఆ నురగ అద్ది, సైకిల్ పంపు వాల్వుకు తగిలించి, దూలయ్యను కొట్టమన్నాడు.

"నీళ్ళు నువ్వు పోసినయి కొన్ని. అది తనంతట తాగినయి ఉన్నయా లేవా, గది తెల్వాలె. ఈ అర మంట మండేది. ఆ బెజ్జం నీళ్ళు తిరిగే దారిది. నడుమ గోడ మంచిగుంటే ఈడ కొట్టిన గాలి ఆడికి పోవద్దు. అందరు సూడున్రి."

దూలయ్య పంపు అందుకున్నాడు. పది సార్లు కొట్టాడు. నురగ కదల్లేదు. ఇరవై అయ్యాయి. మేస్త్రి చెవి ఇంజనుకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు ఆ నురగలో ఆవగింజంత బుడగ ఒకటి లేచింది. శనగగింజంత అయింది. రేగుపండంత అయి, రేకుల సందులోంచి పడుతున్న వెలుతురులో రంగులు తిరిగి, టప్పున పగిలింది. వెంటనే ఇంకొకటి లేచింది.

తబితా ఆ బుడగల మీదికి వంగింది. కాన్పయి, మంచి రంగులో నవ్వుతూ మాట్లాడుతున్న బాలింతకు లోలోపల రక్తం పోతుండటం ఆమె ఒకసారి చూసింది. పెద్ద డాక్టరమ్మ చెయ్యి పెట్టి చూసేదాకా ఎవరికీ తెలియలేదు. ఇనుములో జరుగుతున్న అలాంటి సంగతిని ఈ ముసలాయన సబ్బు నురగతో బయటికి రప్పించి అందరికీ చూపించాడు. పెద్ద చదువులు చదివినవాళ్ళ గురించి విన్నప్పుడు కూడా ఆమెకు ఇంత ఆశ్చర్యం కలగలేదు.

"వేడికి నడుమనున్న గ్యాస్కెట్ రేకు కాలింది" అన్నాడు మేస్త్రి. "గిప్పుడు పోతే పోతది. ఆడికి మంచిగనే పోతది. వచ్చేటప్పుడు మీ ఆమెను ఎక్కించుకోని ఎదురుధారల ఫుల్లు రేజ్ చేస్తవు సూడు, గప్పుడు నీళ్ళు తాగి పట్టేస్తది. నట్టనడిమిట్ల."

"బాగుచేసుడు ఎంతసేపు?" అడిగాడు సోమ్లా.

"మూడు గంటలు."

సోమ్లా తల బాదుకున్నాడు. తర్వాత తబితా వైపు తిరిగి చేతులు జోడించాడు. "నువ్వే చెప్పు నర్సమ్మా. ఉందామంటవా, పోదామంటవా? నువ్వెట్లంటే గట్లనే."

తబితా లెక్క వేసుకుంది. మూడు గంటలంటే సక్రి గర్భసంచి చిట్లిపోవడానికి చాలినంత సమయం. ఇప్పుడే వెళ్తే ఆమె దగ్గరకైతే చేరుకుంటారు. కానీ అక్కడ తను చేయగలిగింది చేయి పట్టుకుని కూర్చోవడమే. రక్షించేది వెళ్ళడం కాదు, తిరిగి రావడం. తబితా సోమ్లాను చూసి, ఆ నురగను చూసి, "ఉందాం" అంది.

ఆ మూడు గంటలూ ఆ షెడ్డులో జరిగింది చూసి తబితా నోరు వెళ్ళబెట్టింది. సిలిండరుకు మూతలా ఉండే తలకాయ విప్పితే సిలిండరుకూ నీళ్ళదారికీ మధ్య గోరంత మేర నల్లగా కాలి ఉంది. వేడికి తలకాయ కూడా కాస్త వంగింది. కొత్త గ్యాస్కెట్ ఖమ్మంలోనూ దొరకదు. విశ్రాంతమ్మ గోడకున్న అద్దం తీసుకొచ్చి నేల మీద పరిచింది. అద్దం కంటే చదునైనది ఇంట్లో ఇంకేదీ ఉండదట. దాని మీద గరుకు కాగితం అంటించి మేస్త్రి ఆ తలకాయను గుండ్రంగా రుద్దాడు, రుద్దాడు, రుద్దాడు. వంపు పోయేదాకా, కాగితం ముక్క కూడా సందులో దూరనంత వరకు రుద్దాడు. చిల్లుపడి మూలనున్న స్నానాల రాగి బాయిలర్ అడుగును కోసి, సాపు చేసి, బొగ్గుల మీద ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాడు.

"ఇనుమైతే గిట్ల ముంచితే గట్టిపడ్తది. రాగి మెత్తబడ్తది. మెత్తబడితేనే సందులన్నీ నింపుతది" అన్నాడు, ఎవరూ అడక్కపోయినా. పనిలో పడ్డాక ఆయనకు మాటలు వచ్చేవి. దాన్ని పాత గ్యాస్కెట్ పెట్టి గీసి, బెజ్జాలు కొట్టి, అంచులు ఆకురాయితో నున్నచేసి, బంక పూసి బిగించాడు. బోల్టులు ఒక వరసలో కాదు, ఒకటి ఇటు ఒకటి అటు, కొంచెం కొంచెంగా మూడు విడతల్లో. సోమ్లా మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో బోల్టూ తనే అందిస్తున్నాడు. ఎప్పుడు దగ్గరకు వచ్చాడో ఎవరూ చూడలేదు.

మళ్ళీ నురగ, మళ్ళీ పంపు. యాభై కొట్టారు, అరవై కొట్టారు. నురగ అలాగే ఉండి, ఆరిపోయి, బెజ్జం చుట్టూ తెల్లగా అట్టకట్టింది. ఒక్క బుడగ లేవలేదు.

పడవకు ఇంజను బిగించాక మేస్త్రి దిగి రాలేదు. దాని పక్కనే కూర్చుని, కుడి చెయ్యి తలకాయ మీద ఆనించి, "నడువు" అన్నాడు. దూలయ్య "నువ్వెందుకు మేస్త్రీ?" అంటే ఇంజను తాడు అతని చేతిలో పెట్టాడు.

పోయేటప్పుడు ఫర్లాంగుకొక చెట్టు మొదలు కొట్టుకొస్తోంది. నీళ్ళు ఎర్రగా, ఒరుసుకుంటూ, రొదపెడుతూ పోతున్నాయి. ఎక్కడ పొలమో ఎక్కడ వాగో తెలియదు. తబితా ప్రార్థన చేసుకుంటూ మధ్య మధ్యలో మేస్త్రిని చూసింది. ఆయన నీళ్ళను ఒక్కసారి కూడా చూడలేదు. వెనక పడే ఆ సన్నటి ధారనే చూస్తున్నాడు. ఎడం చెయ్యి పడవ అంచును పట్టుకుని ఉంది, వేళ్ళ కణుపులు తెల్లబడిపోయాయి. పని అలసట అనుకుంది.

తండాకు చేరేసరికి సక్రి బతికే ఉంది. కళ్ళు లోపలికి పోయాయి, పెదాలు పగిలాయి, పిలిస్తే మాత్రం ఊఁ అంది. బిడ్డ గుండె చప్పుడు దూరంగా, సన్నగా వినిపించింది. నులక మంచంతో సహా ఆమెను పడవలోకి ఎక్కించారు. వచ్చేటప్పుడు ధారకు ఎదురు, పైగా బరువు. దూలయ్య హ్యాండిల్ ఆసాంతం తిప్పాడు. ముప్పావు గంట ఆ ఇంజను ఒక్క చోట గొంతు మార్చకుండా అరిచింది. ఎక్కడ మునుగుతామో అనిపించిన ప్రతిసారీ తబితా ఆ శబ్దాన్నే పట్టుకుని కూర్చుంది. ఒడ్డున జీపు ఉంది. సాయంత్రానికి ఆపరేషనయింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం.

మర్నాడు పొద్దున ఆ మాట చెప్పడానికి తబితా షెడ్డుకు వెళ్ళింది. మేస్త్రి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. విశ్రాంతమ్మ గిన్నెలు ఎత్తి కుదేస్తూ తోముతోంది. శుభవార్త విని కళ్ళు ఒత్తుకుంది, దేవునికి స్తోత్రం చెప్పింది, ఆ వెంటనే విరుచుకుపడింది.

"సంతోషం బిడ్డా. కానీ ఈ మనిషికి బుద్ధి ఉన్నదా నువ్వే చెప్పు. ఈయనకు ఈత రాదు! సారపాకకు వచ్చి నలభై ఏండ్లాయె, ఒక్కనాడు పడవెక్కలే. భద్రాచలం బ్రిడ్జి దాటితే గూడ కండ్లు మూసుకుంటడు. రాత్రంత ఒణికిండు. జొరం. ఇంకా తగ్గలే."

తబితా మంచం దగ్గరకు వెళ్ళి నాడి చూసింది. ఒళ్ళు కాలిపోతోంది. "ఎందుకు ఎక్కినవు కాకా? దూలయ్య ఉన్నడు గద నడిపేటందుకు."

మేస్త్రి ఇటు తిరిగాడు. చిన్నపిల్లవాడు పట్టుబడ్డట్టు సిగ్గుపడ్డాడు.

"బాగైంది, పోవచ్చని చెప్పింది ఎవలు? నేనే గద బిడ్డా. నా మాట మీద మీరందరు నీళ్ళల్ల కూసున్నంక, నేను ఒడ్డుమీద ఎట్ల నిలబడ్తా?"

తబితా ఆ మంచం పట్టె మీద కూర్చుని, మందుల సంచి విప్పి, జ్వరం మాత్ర కోసం చాలాసేపు వెతికింది. కళ్ళలో నీళ్ళు నిండిపోయి, చేతిలో ఉన్నది ఏ మాత్రో ఆమెకు కనబడలేదు.